ఇంట ఓడి రచ్చ గెలిచారు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. 2023 అక్టోబర్‌లో టెక్సాస్‌లో ఈ సామెత తలకిందులైంది. దానికి నేనూ, మా బావా, ఐ-45 హైవే సాక్షులం.

నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. అక్కాబావలు హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటారు. మధ్యలో సుమారు 250 మైళ్లు, నాలుగు గంటల దారి. నాకు బేస్‌బాల్ పిచ్చి ఎలా పట్టిందంటే, ఎప్పుడో ఆఫీసువాళ్లు ఉత్తి టికెట్ ఇచ్చి మా డాలస్ వైపు జట్టు రేంజర్స్ మ్యాచ్‌కి పంపారు, ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ జూలై ఎండలో ఆ స్టేడియం ఏసీ అమృతంలా అనిపించి మళ్లీ వెళ్లాను, మళ్లీ వెళ్లాను, ఎప్పుడో ఒకరోజు గొంతు పోయేలా అరుస్తూ దొరికిపోయాను. బావ సంగతి వేరు. ఆయన 2017 నుంచి హ్యూస్టన్ జట్టు ఆస్ట్రోస్ మనిషి, ఆ ఏడాది హార్వీ తుఫాను వరద తర్వాత ఆ జట్టు కప్పు గెలవడంతో దాన్ని ఇంటి దేవుడిలా చూస్తాడు. ఆ కప్పు గెలిచిన ఏడాదే ప్రత్యర్థి సైగల్ని కెమెరాతో దొంగచాటుగా చూసి చెత్తడబ్బా మీద దరువేసి తమ బ్యాటర్లకి చెప్పారన్న విషయం తర్వాత బయటపడింది. ఆ మాటెత్తితే బావ అన్నం దగ్గర్నుంచి లేచిపోతాడు. 2022లో మళ్లీ గెలిచారు కదా, అది చూడు అంటాడు. మావాళ్లు 1972లో వాషింగ్టన్ నుంచి టెక్సాస్‌కి వచ్చారు, అప్పటిదాకా ఒక్కసారీ గెలవలేదు. 2011లో ఒకే రాత్రి రెండుసార్లు గెలుపుకి ఒక్క స్ట్రైక్ దూరంలోకి (మూడు స్ట్రైక్‌లైతే బ్యాటర్ ఔట్) వచ్చి పోగొట్టుకున్నారు. ఆ మాటెత్తితే లేచిపోయేది నేను.

ఈ రెండు జట్లూ ప్లేఆఫ్స్‌లో (సీజన్ అయ్యాక ఆడే నాకౌట్లలో) ఎదురుపడటం ఇదే మొదటిసారి. ఏడింట్లో నాలుగు గెలిచినవాళ్లు వరల్డ్ సిరీస్‌కి, అంటే ఫైనల్‌కి, వెళ్తారు.

అక్టోబర్ 14, శనివారం

తెల్లారుజామున మూడున్నరకి లేచి ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ చూశాను. అహ్మదాబాద్‌లో రోహిత్ 86 కొట్టి, ఏడు వికెట్లతో పని పూర్తయ్యేసరికి ఇక్కడ తొమ్మిదిన్నర. స్నానం చేసి బ్యాగు కార్లో పడేశానో లేదో హనుమకొండ నుంచి అమ్మ ఫోన్. "అమావాస్య, పైగా గ్రహణమట మీకు, ఇయ్యాల ప్రయాణమేంది రా?" నిజమే, ఆ రోజు టెక్సాస్ మీదుగా సూర్యగ్రహణం. అక్కడ ఎంగిలిపూల బతుకమ్మ. ఆట రేపే కదమ్మా, ఇయ్యాల పోకపోతే కుదరదు అన్నాను. ఏ ఆట అని అడిగింది. చెప్పాను. కాసేపు మాట్లాడకుండా ఉండి, "అక్కకి పూలు కొనిపెట్టు" అని పెట్టేసింది.

కోర్సికానా దాటాక ఎండ రంగు మారింది. మబ్బు పట్టినట్టు కాదు, ఎవరో బల్బు వోల్టేజీ తగ్గించినట్టు. మాడిసన్‌విల్‌లో ఉడతలాంటి పళ్ల జంతువు బొమ్మ ఉండే బకీస్ దగ్గర ఆగాను (బీవర్ అంటారు, ఉడత కాదు, మా మేనకోడలు ఎన్నిసార్లు దిద్దిందో). పార్కింగ్‌లో చిన్న చెట్టు కింద నేలమీద వందల కొద్దీ నెలవంకలు పడి ఉన్నాయి. ఆకుల సందుల్లోంచి వచ్చే ప్రతి వెలుగు చుక్కా గ్రహణం పట్టిన సూర్యుడి బొమ్మే. ఆస్ట్రోస్ నారింజ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన తన అరచెయ్యి అక్కడ పెట్టి, చేతిలో నెలవంక పట్టుకుని మనవడికి చూపిస్తున్నాడు. నా నీలం చొక్కా చూసి, చెయ్యి నావైపు తిప్పి, "ఇది మీకు పట్టింది" అన్నాడు. నవ్వేసి లోపలికెళ్లి ఆ తియ్యటి మొక్కజొన్న ఉండల ప్యాకెట్ కొనుక్కుని గ్రహణంలోనే తినేశాను. అమ్మకి చెప్పకండి.

హంట్స్‌విల్ దగ్గర రోడ్డు పక్కన చెట్ల మీదుగా శామ్ హ్యూస్టన్ విగ్రహం కనిపిస్తుంది, 67 అడుగులు, తెల్లగా, చేతికర్రతో. అది కనిపిస్తే హ్యూస్టన్‌లో కాలు పెట్టినట్టేనని నా లెక్క. లెక్క ఎప్పుడూ తప్పుతుంది, ఇంకో గంట ట్రాఫిక్ ఉంటుంది.

రాత్రి బావ నాకు చరిత్ర పాఠం చెప్పాడు. సెప్టెంబర్ మొదటి వారంలో మీ ఇంటికొచ్చి మూడు మ్యాచుల్లో 39 పరుగులు కొట్టాం, మీరెన్ని కొట్టారు? పది. చివరికి రెండు జట్లూ 90 గెలుపులు, 72 ఓటములతో సమానమైతే, ఒకరితో ఒకరు ఆడినవాటిలో 9-4తో ముందున్నందుకు మన గుంపులో, అదే డివిజన్‌లో, మొదటి స్థానం ఎవరిది? మాది. అన్నీ నిజాలే. సీజన్ చివరి రోజు ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలన్నప్పుడు సియాటిల్‌లో 1-0తో ఓడిపోయిన జట్టు మాది. నేనేం మాట్లాడగలను, చపాతీ తిన్నాను.

ఒక్కటి మాత్రం ఎవరూ గట్టిగా అనుకోని సంగతి ఉంది. ఆ ఏడాది సొంత మైదానంలో ఆస్ట్రోస్ లెక్క 39 గెలుపులు, 42 ఓటములు. డివిజన్ గెలిచిన జట్టు ఇంట్లో మాత్రం ఓడిపోయిన జట్టు. ఎందుకంటే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. అటు మావాళ్లు ప్లేఆఫ్స్ మొదలయ్యాక టాంపాకి వెళ్లి రెండు, బాల్టిమోర్‌కి వెళ్లి రెండు, ఇంటికొచ్చి ఒకటి, వరసగా ఐదు గెలిచి వచ్చారు.

అక్టోబర్ 15, ఆదివారం. మొదటి మ్యాచ్, హ్యూస్టన్

మినిట్ మెయిడ్ పార్క్ (2025 నుంచి దాని పేరు డైకిన్ పార్క్) పాత రైల్వే స్టేషన్‌ని కలుపుకుని కట్టిన స్టేడియం. 1911 నాటి యూనియన్ స్టేషన్ హాలే దాని ముఖద్వారం. అందుకే ఎడమవైపు గోడ పైన ఒక రైలింజన్, అప్పట్లో దాని వెనక పెట్టెలో నారింజపళ్లు. ఆస్ట్రోస్ హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది, కాకపోతే కొట్టినవాడికీ, బేస్‌ల మీదున్న ప్రతివాడికీ ఒక్కో పరుగు) కొడితే అది కూతపెట్టి కదులుతుంది. మేనకోడలికి ఎనిమిదేళ్లు, హ్యూస్టన్‌లోనే పుట్టింది, ఆట నియమాలు మా ఇద్దరికంటే దానికే బాగా తెలుసు. "మామా, ట్రైన్ ఎన్నిసార్లు మూవ్ అవుతుందో కౌంట్ చేద్దాం" అంది. అక్క జిప్ సంచిలో పులిహోర కట్టిచ్చింది. పారదర్శకమైన సంచిలో అయితే తిండి లోపలికి రానిస్తారు. సెక్యూరిటీ ఆవిడ పసుపు అన్నం వంక ఒక్క క్షణం చూసి, బాగుందన్నట్టు తలూపి పంపింది.

రైలు ఒక్కసారీ ఆ పనిమీద కదల్లేదు. ఆస్ట్రోస్ తరఫున 40 ఏళ్ల వెర్లాండర్ బాగానే వేశాడు. రెండో ఇన్నింగ్స్‌లో (ఈ ఆటలో తొమ్మిది ఉంటాయి) మా ఎవాన్ కార్టర్ అనే 21 ఏళ్ల కుర్రాడు డబుల్ కొట్టి రెండో బేస్ చేరాడు, హైమ్ అతన్ని ఇంటికి, అంటే పరుగు పూర్తయ్యే బేస్‌కి, చేర్చాడు, ఐదో ఇన్నింగ్స్‌లో టవెరాస్ ఒక హోమ్ రన్. అంతే, 2-0. మాకు మాంట్‌గోమరీ ఆరు ఇన్నింగ్స్‌కి పైగా ఒక్క పరుగివ్వలేదు.

ఈ మ్యాచ్‌లో చెప్పాల్సింది ఎనిమిదో ఇన్నింగ్స్. ఆల్టువే మొదటి బేస్ మీదున్నాడు. బ్రెగ్‌మన్ ఎడమవైపు గోడకేసి బాదాడు, స్టేడియమంతా లేచింది, బావ నా భుజం పట్టుకున్నాడు, కార్టర్ వెనక్కి పరిగెత్తి గోడకి ఆనుకుని ఎగిరి పట్టేశాడు. క్రికెట్ వాళ్లకి చెప్పాలి: క్యాచ్ పడితే రన్నర్ బయల్దేరిన బేస్‌కి వెనక్కి రావాలి. అప్పటికే రెండో బేస్ దాటేసి ఉంటే, వచ్చేటప్పుడు దాన్ని మళ్లీ తొక్కి రావాలి. ఆల్టువే రెండో బేస్ దాటి, క్యాచ్ చూసి గిరుక్కున తిరిగి, బేస్ తొక్కకుండానే పరిగెత్తాడు. షార్ట్ రన్ లాంటిదే, కాకపోతే ఇక్కడ పరుగు కాదు, మనిషే పోతాడు. వీడియోలో చూశాక ఔట్. పన్నెండేళ్లకి పైగా ఇదే ఆట ఆడుతున్నవాడు! మేనకోడలు తల పట్టుకుని "ఆల్టువే, నో" అని మెల్లగా అంది, టీచర్ పిల్లాణ్ని చూసి అన్నట్టు. బావ పులిహోర సంచి మూసేశాడు.

తిరిగొచ్చేటప్పుడు పార్కింగ్‌లోంచి బయటపడటానికి ముప్పావు గంట. కార్లో నేను నోరు మెదపలేదు. అక్క ఇంట్లో అక్క పెట్టిన అన్నం తింటూ గెలిచినందుకు పొంగిపోతే అదేం మర్యాద. బాత్రూంలోకెళ్లి తలుపేసుకుని మాత్రం రెండు చేతులూ పైకెత్తాను.

అక్టోబర్ 16, సోమవారం. రెండో మ్యాచ్, కారు రేడియో

పొద్దున అక్క వాళ్ల డైనింగ్ టేబుల్ మీదే లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసి, మూడింటికి బయల్దేరాను. మ్యాచ్ మూడున్నర దాటాక. హ్యూస్టన్ స్టేషన్ పెట్టాను. వుడ్‌లాండ్స్ దాటేలోపు మొదటి ఇన్నింగ్స్‌లోనే మావాళ్లు నాలుగు కొట్టేశారు. కామెంటేటర్ గొంతు చావుకబురు చదువుతున్నట్టుంది, నాకు మాత్రం మంగళవాద్యంలా వినిపించింది.

ఐదో ఇన్నింగ్స్‌కి స్కోరు 5-2. మూడు బేస్‌ల మీదా ఆస్ట్రోస్ వాళ్లు, ఒక్కరూ ఔట్ కాలేదు, మా ఇయోవాల్డి బంతి వెయ్యబోతున్నాడు. సరిగ్గా అప్పుడే, మాడిసన్‌విల్ ప్రాంతంలో, హ్యూస్టన్ స్టేషన్ గరగరమని పోయింది. డాలస్ స్టేషన్ ఇంకా రాలేదు. ఈ దారిలో ఒక పదిహేను ఇరవై మైళ్లు ఎవరి రాజ్యమూ కాదు, ఏదో చర్చి ప్రసంగం వస్తుంది, స్పానిష్ పాట వస్తుంది. నేను బటన్ నొక్కుతూనే ఉన్నాను. మళ్లీ గొంతు వినబడేసరికి ఈసారి మా ఊరి కామెంటేటర్లు, ఒకటే కేకలు, ఒక్క పరుగూ ఇవ్వకుండా బయటపడ్డాడట. ఆ మూడు వికెట్లు ఎలా పడ్డాయో (వికెట్లనే అంటాను, నా అలవాటు) రాత్రి ఇంటికొచ్చి చూశాను. యోర్డాన్ ఆల్వరెజ్ రెండు హోమ్ రన్స్ కొట్టి భయపెట్టినా 5-4తో గెలిచాం. హ్యూస్టన్‌లో రెండుకి రెండు.

బావకి మెసేజ్ పెట్టలేదు. ఆయనే పెట్టాడు: "మీ ఇంటికొస్తున్న."

అక్టోబర్ 17, మంగళవారం

ఆఫీసు. రాసేంత ఏం లేదు. సాయంత్రం బావ కోసం నాటుకోడి దొరుకుతుందేమోనని రెండు షాపులు తిరిగాను.

అక్టోబర్ 18, బుధవారం. మూడో మ్యాచ్, మా హాల్లో టీవీ

బావ విమానంలో దిగాడు, గంట ప్రయాణం. ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొస్తూ గ్రాండ్ ప్రైరీ వైపు తిప్పి అక్కడి క్రికెట్ స్టేడియం చూపించాను. ఇది ఒకప్పుడు చిన్న లీగ్ బేస్‌బాల్ మైదానం. దాన్ని క్రికెట్‌కి మార్చి, ఆ జూలైలోనే మేజర్ లీగ్ క్రికెట్ మొదటి మ్యాచ్ ఆడారు. పసుపు చొక్కాల్లో టెక్సాస్ సూపర్ కింగ్స్ దిగితే స్టాండ్సులో ఎటు చూసినా తెలుగే వినిపించింది. బేస్‌బాల్ ఖాళీ చేసిన ఇంట్లో క్రికెట్ అద్దెకి దిగింది. బావ కారద్దం దించి చూసి, "మీవోళ్ల స్టేడియం గూడ ఇట్లనే మార్చేస్తరు చూడు" అన్నాడు. మొదలైంది.

మా పిచ్చర్ (బౌలర్ అనుకోండి) షెర్జర్, వయసు 39. ఆయనా వెర్లాండరూ ఆ ఏడాది మొదట్లో న్యూయార్క్ మెట్స్‌లో ఒకే జట్టు, అంతకుముందెప్పుడో డెట్రాయిట్‌లోనూ. నడిమధ్యలో ఒకరు మాకు వచ్చారు, ఒకరు వాళ్లకి. షెర్జర్ గాయంతో నెలకి పైగా బంతి పట్టలేదు, అది కనిపించింది. నాలుగు ఇన్నింగ్స్‌లో ఐదు పరుగులు. జాష్ యంగ్ రెండుసార్లు రెండేసి పరుగుల హోమ్ రన్ కొట్టినా సరిపోలేదు, 8-5. బావ మూడోసారి కోడికూర వేసుకున్నాడు. "మీ ఇంట్ల అన్నం బాగుంటది రా" అన్నాడు. నాకర్థమైంది.

అక్టోబర్ 19, గురువారం. నాలుగో మ్యాచ్

పుణెలో బంగ్లాదేశ్ మీద మ్యాచ్. మళ్లీ మూడున్నరకి లేచాం. కోహ్లీ సిక్స్‌తో సెంచరీ, గెలుపు ఒకే దెబ్బకి ముగించాడు, ఇద్దరం వాటేసుకున్నాం. పొద్దున పదకొండింటికి ఒకే జట్టు మనుషులం. సాయంత్రం ఏడింటికి మళ్లీ పగ.

మొదటి ఇన్నింగ్స్‌లోనే మూడు ఇచ్చాం, మూడో ఇన్నింగ్స్‌కి సీగర్ హోమ్ రన్‌తో 3-3 చేశాం, నాలుగో దాంట్లో జోసె అబ్రేయు మూడు పరుగుల దెబ్బ కొట్టాడు. ఆ తర్వాత నాకు తెలీదు, సోఫాలో నిద్రపోయాను. లేచేసరికి 10-3. బావ నా మీద దుప్పటి కప్పి ఉంచాడు. ఓడినవాడికి కప్పిన శాలువా అనుకున్నాను.

అక్టోబర్ 20, శుక్రవారం. ఐదో మ్యాచ్, ఆర్లింగ్టన్

మధ్యాహ్నమే సెలవు పెట్టి వెళ్లాం. ఆర్లింగ్టన్ నాలుగు లక్షల జనం ఉన్న ఊరు, సిటీ బస్సులు లేవు. కారే గతి. నేను పెట్టిన పార్కింగ్ నుంచి గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కి నడుచుకుంటూ పోతుంటే పక్కనే ఫుట్‌బాల్ స్టేడియం వెండి పళ్లెంలా మెరుస్తోంది, ఇంకో పక్క మావాళ్ల పాత స్టేడియం. కొత్తది 2020లో తెరిచారు. పైకప్పు జరిగేది, లోపల చల్లగా ఉంటుంది. నా బేస్‌బాల్ భక్తికి మూలం ఆ చల్లదనమే అని ముందే ఒప్పుకున్నాను. నీలం సముద్రంలో బావ ఒక్కడే నారింజ చొక్కా. ముందు వరుసలో ఇద్దరు కాలేజీ పిల్లలు వెనక్కి తిరిగి చెత్తడబ్బా మీద కొట్టినట్టు చేతులాడించారు. బావ వాళ్లకి నమస్కారం పెట్టాడు.

మళ్లీ వెర్లాండర్, మళ్లీ మాంట్‌గోమరీ. ఆరో ఇన్నింగ్స్‌కి ఆస్ట్రోస్ 2-1. అప్పుడొచ్చాడు అడోలిస్ గార్సియా. ఈ మనిషి కథ తెలిస్తే ఇష్టపడకుండా ఉండలేరు. క్యూబా వాడు, జపాన్‌లో ఆడాడు, సెయింట్ లూయీ జట్టు డబ్బులకి మాకమ్మేసింది, 2021లో మావాళ్లే అతన్ని జాబితాలోంచి తీసేస్తే లీగ్‌లో ఒక్క జట్టూ తీసుకోలేదు. గతిలేక మాతోనే ఉండిపోయాడు. ఇద్దరు బేస్‌ల మీదుండగా వెర్లాండర్ బంతిని ఎడమవైపు ఎగరేశాడు. తగిలిన చప్పుడే చెప్పేసింది. పరిగెత్తలేదు. బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు, మావైపు తిరిగాడు, నడిచాడు, పెళ్లికొడుకు మండపంలోకి నడిచినట్టు నడిచాడు, ఆ తర్వాతే బ్యాట్ నేలకి కొట్టాడు. 4-2. పక్కన ముక్కూమొహం తెలీని ఆవిడ నన్ను పట్టుకుని ఊపేసింది. మాంచి ఆటకి మాంచి పొగరు ఉండాల్సిందే అని నా అభిప్రాయం, అవతలివాళ్లకి మండుతుందనుకోండి.

మండింది కూడా. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో గార్సియా మళ్లీ బ్యాటింగ్‌కొస్తే బ్రయన్ అబ్రేయు మొదటి బంతే అతని భుజం మీదకి వేశాడు. దాదాపు 99 మైళ్ల వేగం, మన లెక్కలో 160 కిలోమీటర్లు. గార్సియా బౌలర్ వైపు వెళ్లలేదు, వెనకున్న క్యాచర్ మల్డొనాడో మీదకి తిరిగాడు, ముక్కుకి ముక్కు. రెండు జట్లూ మైదానంలోకి ఉరికాయి. తోపులాట, మాటలు, మళ్లీ తోపులాట. అంపైర్లు గార్సియానీ, అబ్రేయునీ, చివరికి ఆస్ట్రోస్ మేనేజర్ డస్టీ బేకర్‌నీ బయటికి పంపారు. 74 ఏళ్ల మనిషి, టోపీ విసిరికొట్టాడు, డగౌట్‌లోంచి కదలనని మొండికేశాడు. కావాలని వేశాడా జారిందా అని బావా నేనూ ఈనాటికీ కొట్లాడుకుంటాం. రెండు పరుగులు వెనకబడి, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, ఎవడైనా కావాలని బంతి తగిలించి ఒకణ్ని ఊరికే బేస్ మీదకి పంపుకుంటాడా అని బావ వాదన. నాకు జవాబు లేదు. ఐనా కావాలనే వేశాడు.

అసలు నష్టం ఆ గొడవ కాదు, అది తిన్న టైమ్. మా ఆఖరి బౌలర్ లెక్లెర్క్ అంతకుముందే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో వచ్చి ప్రమాదం తప్పించి, వేడిమీదున్నాడు. ఈ రభసంతా సాగినంతసేపూ కూర్చుని చల్లారిపోయాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక సింగిల్, ఒక వాక్ (వైడ్‌లాంటి బంతులు నాలుగు పడితే బేస్ ఊరికే ఇచ్చేస్తారు). ఆల్టువే వచ్చాడు, ఐదడుగుల ఆరంగుళాలు, మొన్న బేస్ తొక్కడం మర్చిపోయినవాడు. ఎడమవైపు మూడు పరుగుల హోమ్ రన్. 5-4.

నలభై వేలమంది ఒకేసారి ఊపిరి బిగబడితే ఎలా ఉంటుందో అప్పుడు విన్నాను. ఆ నిశ్శబ్దంలో ఒక్కడే ఎగిరి గంతేసిన తెలుగాయన మా బావ. మా వంతులో ఇద్దరు బేస్‌ల మీదకి చేరారు, ఎవరూ ఇంటికి రాలేదు. కారుదాకా ఇరవై నిమిషాల నడక. బావ మంచివాడు, ఒక్క మాటనలేదు. కార్లో కూర్చున్నాక మాత్రం ఫోన్ తీసి, ఆ ఊపులోనే ఆదివారం హ్యూస్టన్‌లో ఆరో మ్యాచ్‌కి రెండు టికెట్లు కొనేశాడు. ధర చెప్పను, అక్క ఇది చదవొచ్చు.

అక్టోబర్ 21, శనివారం

నా కార్లోనే ఇద్దరం కేటీకి బయల్దేరాం. ఎన్నిస్ దగ్గర అక్క ఫోన్, స్పీకర్‌లో పెట్టాను. "ఆదివారం సద్దుల బతుకమ్మ. ఇద్దరూ పొద్దున్నే పూలు పట్టుకరావాలె, సాయంత్రం ఏడింటికి ఆడుతున్నం. యాదికున్నదా?" బావ నావైపు చూశాడు, నేను రోడ్డువైపు చూశాను. "ఉన్నది" అన్నాడు. ఫోన్ పెట్టాక హంట్స్‌విల్ దాకా టికెట్లు మళ్లీ అమ్మకానికి పెట్టే పనిలోనే ఉన్నాడు. ధర మూడుసార్లు తగ్గించాడు. శామ్ హ్యూస్టన్ విగ్రహం కనపడేటప్పటికి అమ్ముడుపోయాయి. వచ్చిన దాంట్లో, ఒకవేళ ఏడో మ్యాచ్ అంటూ జరిగితే అని, చిట్టచివరి వరసలో రెండు తీసుకున్నాడు. "అది జరగదులే, డబ్బులు వాపసొస్తయ్" అన్నాడు.

అక్టోబర్ 22, ఆదివారం. ఆరో మ్యాచ్, బతుకమ్మ దగ్గర

మళ్లీ మూడున్నర. షమీ ఐదు వికెట్లు, కోహ్లీ 95, న్యూజీలాండ్ మీద గెలుపు. దాని మధ్యలోనే బంతిపూలు, చామంతులు కొనుక్కొచ్చాం. తంగేడు ఇక్కడ దొరకదు, ఏదో పసుపు అడవిపూలతో సర్దుకున్నారు. అక్క ఐదు రకాల సద్దులు చేసింది: పులిహోర, పెరుగు, నువ్వులు, కొబ్బరి, నిమ్మకాయ. మలీద ముద్దలు వేరే.

కమ్యూనిటీ హాలు ముందు పార్కింగ్‌లో ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతూ ఉయ్యాలో పాట. గోడవారన పదిమంది మగవాళ్లం ఒకే ఫోన్ మీద వంగి ఉన్నాం. గార్సియా బ్యాటింగ్‌కొచ్చిన ప్రతిసారీ స్టేడియమంతా ఊ అని వెక్కిరించింది. మొదటిసారి స్ట్రైక్ ఔట్. రెండోసారి, మూడోసారి, నాలుగోసారీ అంతే. ఫోన్ చుట్టూ ఉన్న తొమ్మిదిమంది ప్రతిసారీ చేతులు కలుపుకున్నారు, నేను మలీద ముద్ద తిన్నాను. గార్వర్ ఒకటి, హైమ్ ఒకటి కొట్టడం వల్ల 4-2తో ముందే ఉన్నాం గానీ, మొన్న కూడా 4-2యే కదా.

ఊళ్లో చెరువులో కలపడానికి ఒప్పుకోరు కాబట్టి, పిల్లలు ఆడుకునే గాలి కొట్టే ప్లాస్టిక్ కొలనులో నీళ్లు నింపి పెట్టారు. దాని మీద డాల్ఫిన్ బొమ్మలు. బతుకమ్మలన్నీ ఒకదానికొకటి తగులుతూ తేలుతున్నాయి. అక్క వాయనం పంచుతోంది. తొమ్మిదో ఇన్నింగ్స్, 5-2 అయింది, మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి, ఐదోసారి గార్సియా. ఊ అని అరుపు, బ్యాట్ చప్పుడు, తర్వాత చప్పుడే లేదు. నాలుగు పరుగుల హోమ్ రన్, గ్రాండ్ స్లామ్. 9-2.

నా కేకకి పాట ఆగింది. అక్క తల తిప్పి, "ఎవలకేమైంది?" అంది. మేనకోడలు వాళ్లమ్మకి తెలుగులో, ఆశ్చర్యంగా తెలుగులోనే, చెప్పింది: "మామ గెలిచిండు."

అక్టోబర్ 23, సోమవారం. ఏడో మ్యాచ్, దసరా

జరగదనుకున్న మ్యాచ్ జరిగింది, జరగదనుకుని కొన్న టికెట్లు చేతిలో ఉన్నాయి. ఎంత పైన కూర్చున్నామంటే రైలింజన్ మాకంటే కింద ఉంది. ఆ రోజుకి ఆరు మ్యాచులు, ఆరూ బయటినుంచి వచ్చినవాళ్లే గెలిచారు. బావ నాకు ఒక ప్రతిపాదన పెట్టాడు: "నువ్వు నారింజ చొక్కా వేస్కో, నేను నీలం వేసుకుంట, దిష్టి తిరగబడ్తది." ఒప్పుకోలేదు. మతం మార్చుకోమన్నట్టుంది.

మొదటి ఇన్నింగ్స్‌లోనే సీగర్ దూరంగా కొట్టాడు. తర్వాత గార్సియా. హోమ్ రన్ అనుకుని నిలబడి చూశాడు, బంతి గోడ పైభాగానికి తగిలి కిందపడింది, డబుల్ రావాల్సింది సింగిలైంది. స్టేడియమంతా పగలబడి నవ్వింది. బావ కూడా. ఆ నవ్వు పూర్తికాకముందే గార్సియా రెండో బేస్ దొంగిలించాడు (బౌలర్ బంతి వేస్తుండగానే పరిగెత్తి చేరిపోయాడు), వెంటనే గార్వర్ కొట్టాడు, గార్సియా ఇంటికొచ్చాడు. 3-0. ఆస్ట్రోస్ పిచ్చర్ హావియేర్ ఒక్కణ్ని ఔట్ చేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత గార్సియా రెండు హోమ్ రన్స్ కొట్టాడు, ఐదు పరుగులు రాబట్టాడు. మొత్తం సిరీస్‌లో పదిహేను, ప్లేఆఫ్స్‌లో ఒకే సిరీస్‌కి అంతకుముందెవరూ అన్ని రాబట్టలేదు. వెక్కిరించేవాళ్లకి ఏడో ఇన్నింగ్స్‌కల్లా ఓపిక అయిపోయింది, కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. 11-4. ఏడుకి ఏడు మ్యాచులూ అతిథులే గెలిచారు. అంతకుముందు ఇలా ఒక్కసారే జరిగింది, 2019 వరల్డ్ సిరీస్‌లో, అప్పుడు కూడా ఇదే మైదానంలో నాలుగుసార్లు ఓడిన ఇంటివాళ్లు ఈ ఆస్ట్రోసే. ఈ ముక్క నేను బావకి చెప్పలేదు. ముందు వరసలో ఒకాయన వాళ్ల భార్యకి గట్టిగా చెప్పాడు, బావ విన్నాడు.

అక్టోబర్ 24, మంగళవారం

ముందు రోజు రాత్రి ఎవరం మాట్లాడుకోలేదు కాబట్టి దసరా తెల్లారి జరిగింది. టెక్సాస్‌లో జమ్మి లేదు, కానీ దానికి చుట్టమైన మెస్కీట్ ఎక్కడపడితే అక్కడ ఉంటుంది, అవే ముళ్లు, అవే సన్నటి ఆకులు. అక్క ఒక రెమ్మ తెచ్చి దేవుడి దగ్గర పెట్టి ఉంచింది. నేను బ్యాగు డిక్కీలో పెడుతుంటే బావ లుంగీ మీదే బయటికొచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాలుగాకులు తెంపి నా చేతిలో పెట్టాడు. "బంగారం తీస్కో." కాళ్లకి దండం పెట్టబోతే లేపి అలయ్ బలయ్ ఇచ్చాడు, కాస్త గట్టిగానే.

కారు స్టార్ట్ చేశాక అద్దం మీద తట్టాడు. దించాను.

"వరల్డ్ సిరీస్ మొదటి రెండు మ్యాచులు మీ ఇంట్లనే గదా?"

"అవును బావా."

"పైలం మరి."